ఇంటికని వేరే సాళ్లు పెట్టడం మానేసిన ఏడాది

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు విజయవాడలో ఉద్యోగం చేస్తున్నారు. కొల్లిపర దగ్గర మీకు మూడెకరాల సొంత పొలం ఉంది. రెండేళ్ల కిందట నాన్నగారు బయోడైనమిక్ సేద్యంలోకి, అంటే రసాయనాలు మాని, ఆవు ఎరువుతో, చంద్రుడి నడక చూసి చేసే సాగులోకి దిగారు. అప్పటినుంచి సాయంత్రం పూట బకెట్లో నీళ్లు పోసి గంటసేపు తిప్పుతున్నారు, క్యాలెండర్ చూడందే విత్తనం ముట్టుకోవడం లేదు. రెండు ఆవుల్ని తెచ్చారు, అమ్మగారికి చాకిరీ పెరిగింది. మీ ఇంటికి వచ్చినా సంచిలో సొంత కూరగాయలు తెచ్చుకుంటున్నారు, మీ ఆవిడ వండిన కూర వేసుకోవడం లేదు. "ఈ సేద్యం మనిషిని ఇంతగా మారుస్తుందా అక్కా? ఇది మంచికా, చాదస్తమా?" అని అడిగారు.

మాది ప్రత్తిపాడు వైపు, నల్లరేగడి. ఆరెకరాల్లో మిర్చి, కంది, కొంచెం పత్తి వేస్తాం. 2012లో ఒక్క ఎకరంలో ఈ పద్ధతి మొదలుపెట్టాం, 2016కి ఆరెకరాలూ మార్చాం. పొలం పనీ వంట పనీ రెండూ నా చేతిమీదుగా జరిగేవే కాబట్టి రెండు వైపులా చూసింది చెప్పగలను. మారుస్తుంది తమ్ముడూ. నన్నూ మార్చింది. అయితే ఇందులో ఆవు కొమ్ములో పేడ కూరి, పాతి చేసే ఎరువులో ఏదో శక్తి ఉండి మనిషిని మారుస్తుందని నేను అనుకోను. ఈ సేద్యం మనచేత చేయించే పనులు వేరు. రోజూ ఆ పనులు చేస్తూ చేస్తూ మనిషి మారతాడు. చేలో మొదలైన మార్పు వంటింట్లోకి రావడానికి మా ఇంట్లో మూడు నాలుగేళ్లు పట్టింది.

దీని పుట్టుక క్లుప్తంగా చెప్తాను. 1924 జూన్‌లో రుడాల్ఫ్ స్టైనర్ అనే ఆస్ట్రియా తత్వవేత్త కోబెర్విట్జ్ అనే ఊళ్లో రైతులకు ఎనిమిది ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆ ఊరు అప్పుడు జర్మనీలో ఉండేది, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. విత్తనం బలం తగ్గుతోంది, పశువులు నీరసపడుతున్నాయి అని అక్కడి రైతులు మొరపెట్టుకుంటే వచ్చిన ఉపన్యాసాలవి. వాటిలో చాలా మాటలు నాకు ఇప్పటికీ కొరుకుడు పడవు. పట్టుబడిన ముక్క ఒకటుంది. పొలం ఒక ప్రాణి లాంటిది, మట్టి, పశువు, చెట్టు, గట్టుమీద గడ్డి, అక్కడ తిరిగే మనిషి అన్నీ దాని అవయవాలే. ఎరువు బయటినుంచి తేవాల్సి వచ్చిందంటే ఆ ప్రాణికి జబ్బు చేసిందని, తెచ్చింది మందు అని అనుకోవాలన్నాడు. మందు రోజూ వేసుకునేది కాదు కదా.

పద్ధతిలో 500 నుంచి 507 దాకా నంబర్లు పెట్టిన తయారీలు ఉంటాయి. ఆవు కొమ్ములో పేడ నింపి పాతిపెట్టేది 500. పలుగురాయి పొడి నింపి పాతేది 501. మిగతా ఆరూ కంపోస్టులో వేసే మూలికలు. ఇక్కడ నాకొక అసంతృప్తి ఉంది. ఆ మూలికల్లో చాలావరకు చలిదేశాలవి. మన గుంటూరు ఎండకు అవి బతకవు, కొండ ప్రాంతాలనుంచి తెప్పించుకోవాలి. సొంత కాళ్లమీద నిలబడే సేద్యం అని చెప్పుకుంటూ మూలిక కోసం పార్సిల్ ఎదురుచూడటం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

కొమ్ము ఎరువు మాత్రం మనమే చేసుకోవచ్చు. ఆశ్వయుజంలో, అంటే సెప్టెంబరు అక్టోబరుల్లో, పాలిచ్చే ఆవు పేడను కొమ్ముల్లో కూరి, అడుగు, అడుగున్నర లోతు గోతిలో పెట్టి మట్టి కప్పుతాం. ఫాల్గుణంలో తీస్తాం. మొదటి ఏడాది మేము గొయ్యిని పల్లం వైపు తవ్వాం. అక్టోబరు వానలకు రేగడిలో నీళ్లు నిలిచాయి. తీసి చూస్తే లోపల పేడ పచ్చగానే ఉంది, ముక్కు మూసుకోవాల్సినంత కంపు. మా ఆయన అక్కడే గట్టుమీద కూలబడ్డారు. రెండో ఏడాది మెరక చూసి పాతాం. ఫాల్గుణంలో కొమ్మును గట్టుమీద రాయికి తట్టితే నల్లటి ముద్ద చేతిలో పడింది. పేడ వాసన లేదు. తొలకరి వాన పడ్డప్పుడు చెట్లకింద వచ్చే మట్టి వాసన. వేళ్ల మధ్య నలిపితే మెత్తగా, చల్లగా, గంధం తీసినట్టు అంటుకుంది. మా అత్తగారు దాన్ని చేతిలోకి తీసుకుని వాసన చూసి ఇంక మారు మాట్లాడలేదు. అప్పటిదాకా ఆమెకు ఈ పని అంటే అసలు గిట్టేది కాదు.

ఎకరానికి ఆ ముద్ద 25 గ్రాములు చాలు. 13 లీటర్ల నీళ్లలో వేసి కర్రతో ఒక పక్కకు తిప్పుతూ పోతే, బకెట్ అడుగు కనిపించేదాకా మధ్యలో సుడి పడుతుంది. సుడి పడగానే ఒక్కసారిగా వెనక్కి తిప్పాలి. నీళ్లు చెదిరి, నురగ కట్టి, నెమ్మదిగా రెండో పక్కకు సుడి తిరుగుతుంది. ఇలా గంటసేపు. తర్వాత సాయంత్రం పూట చీపురుతోనో కుంచెతోనో పెద్ద పెద్ద చుక్కలు పడేలా నేలమీద చల్లాలి. మీరు చూసి విసుక్కున్నది ఈ గంటనే.

నేను ఈ గంటను ఇంకోలా చూస్తాను. అంతకుముందు మా ఆయన చేలోకి వెళ్లడమంటే వీపున పవర్ స్ప్రేయర్ వేసుకుని, మొహానికి తువ్వాలు కట్టుకుని, ఎంత తొందరగా సాళ్లన్నీ తిరిగి బయటపడదామా అన్నట్టు ఉండేది. చేను అంటే ఊపిరి బిగబట్టుకుని దాటే చోటు. నీళ్లు తిప్పే గంటలో చేతిలో ఫోను పట్టుకునే వీలుండదు. తలెత్తితే చేను, దించితే సుడి. మొదటి నెలలో విసుగొచ్చింది. తర్వాత తర్వాత ఆయన కళ్లు చేలో ఆగడం మొదలుపెట్టాయి. "అదిగో, మూడో సాల్లో రెండు మొక్కలకు బొబ్బర తెగులు వచ్చింది, పొద్దున్నే పీకేయాలి" అనేవారు. కొంగలు ఎటు వాలుతున్నాయి, గట్టుమీద బంతి మొక్కలకు ఏ పురుగు పట్టింది, ఇవన్నీ ఆ గంటలో చూసినవే. మేమిద్దరం అప్పులు కాకుండా వేరే మాటలు మాట్లాడుకున్నది కూడా పెళ్లయిన ఇన్నేళ్లకు అక్కడే. నాన్నగారు మారారు అంటున్నారు కదా, బహుశా ఆయన మొదటిసారి తీరిగ్గా తన పొలాన్ని చూసుకుంటున్నారేమో.

ఇక క్యాలెండర్. ఇది మన పంచాంగం కాదు, కార్తెల లెక్కా కాదు. రోహిణిలో రోళ్లు పగులుతాయని, మృగశిర వస్తే చల్లబడుతుందని మనవాళ్లు చెప్పే కార్తెలు సూర్యుణ్ణి బట్టి వచ్చేవి. బయోడైనమిక్ వాళ్లు చంద్రుడి నడక చూస్తారు. అక్కడ కూడా చాలామంది పున్నమి, అమావాస్యలతో కలిపేసి తికమక పడతారు. సూర్యుడికి ఏడాదిలో ఉత్తరాయణం, దక్షిణాయనం ఉన్నట్టే చంద్రుడికీ ఉన్నాయి, ఆయనకు ఆ చుట్టు మొత్తం సుమారు 27 రోజుల 8 గంటల్లో తిరిగిపోతుంది. చంద్రుడు దక్షిణానికి దిగే రోజుల్లో నాట్లు, కంపోస్టు పని, 500 చల్లడం. ఉత్తరానికి ఎక్కే రోజుల్లో విత్తడం, 501. ఇవికాక చంద్రుడు ఏ రాశిలో ఉంటే ఆ రోజు దుంపకు మంచిదా, ఆకుకా, పువ్వుకా, కాయకా అని చూస్తారు. జర్మనీలో మరియా థున్ అనే ఆవిడ 1960లనుంచి ఈ విత్తన క్యాలెండర్లు తయారుచేసి ప్రచారంలోకి తెచ్చింది.

నాకు ఇందులో మేలూ కనిపించింది, కీడూ కనిపించింది. మేలు ఏమిటంటే పని ముందే అనుకుంటాం. ఫలానా మంగళవారం నాట్లు అంటే కూలీలు, నీళ్లు, నారు అన్నీ ఆ రోజుకు సిద్ధంగా ఉంటాయి. కీడు 2014లో చూశాం. నేలలో మంచి పదును, అంటే నాటడానికి సరిపడా తడి ఉంది, మిర్చి నారు సరైన వయసులో ఉంది, క్యాలెండర్లో రోజు ఇంకా ఆరు రోజులుంది. ఆగాం. ఆ తర్వాత వాన ముఖం చాటేసింది. ముదిరిన నారు నాటి, ట్యాంకర్ నీళ్లు పోసి, మూడో వంతు మొక్కలు పోగొట్టుకున్నాం. అప్పటినుంచి మా ఇంట్లో ఒకటే నియమం. పదును ముందు, చంద్రుడు తర్వాత. నాన్నగారికి ఈ మాట నా పేరు చెప్పి అయినా చెప్పండి.

దీనికి శాస్త్రం ఉందా అని కూడా అడిగారు. స్విట్జర్లాండ్‌లో థెర్విల్ అనే చోట 1978నుంచి ఒకే పొలంలో బయోడైనమిక్, సేంద్రియ, మామూలు రసాయన పద్ధతులు పక్కపక్కనే సాగుచేసి పోలుస్తున్నారు. మొదటి 21 ఏళ్ల ఫలితాలు 2002లో ప్రచురించారు. రసాయన మడుల కంటే మిగతా రెండు పద్ధతుల్లో దిగుబడి సుమారు 20 శాతం తగ్గింది. ఎరువులు, ఇంధనం వాడకం 34 నుంచి 53 శాతం దాకా తగ్గింది, పురుగుమందులు 97 శాతం తగ్గాయి. మట్టిలో సూక్ష్మజీవులు, వానపాములు పెరిగాయి. అయితే ఇది కొమ్ము ఎరువు మహిమా, మంచి కంపోస్టు మహిమా అన్నది ఆ ప్రయోగం తేల్చిన విషయం కాదు. నా చేను చూసి నేను చెప్పేదీ అంతే. పశువుల ఎరువు, జనుము, పిల్లిపెసర కలియదున్నడం, మిర్చి చుట్టూ జొన్న, బంతి, ఇవి పనిచేశాయని గట్టిగా చెప్పగలను. 500 ఎంత పనిచేసిందో దాన్ని విడదీసి చూపించలేను. అయినా చేస్తాను, ఆ గంట నాకు కావాలి.

ఇప్పుడు మీరు అసలు అడిగిన దగ్గరికి, తిండి దగ్గరికి వస్తాను. ఇది కొంచెం సిగ్గుపడుతూనే చెప్పాలి.

మిర్చి వేసే చాలా ఇళ్లలో జరిగేదే మా ఇంట్లోనూ జరిగేది. చేలో ఇంటి వైపున్న పది సాళ్లు మా కోసం. వాటికి మందు కొట్టేవాళ్లం కాదు, కొట్టినా ఒకటి రెండుసార్లే. మా కారం, మా పండుమిరపకాయ పచ్చడి, మా చుట్టాలకు పంపేది ఆ పది సాళ్లది. మిగతా చేనంతా టిక్కీల్లో, అంటే గోనె బస్తాల్లో తొక్కించి గుంటూరు మిర్చి యార్డుకు. వారానికోసారి, ఉద్ధృతంగా ఉంటే నాలుగు రోజులకోసారి మందు పడ్డ కాయ అది. ఎవరు తింటారో తెలియదు కాబట్టి ఎప్పుడూ మనసులో మెదల్లేదు. మందు కొట్టిన రోజు మా ఆయన మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నా వాసన పోయేది కాదు. ఆ రోజు రాత్రి అన్నం చెంచాతో తినేవారు. గోంగూర పచ్చడి, ముద్దపప్పు, నెయ్యి వేసి పెట్టినా చెంచాతోనే. చేత్తో కలుపుకుంటే ముద్ద నోటిదాకా వెళ్లేది కాదు. మా అమ్మాయి చిన్నప్పుడు, నాన్న పట్నం వాళ్లలాగా చెంచాతో తింటాడని బళ్లో గొప్పగా చెప్పుకుంది. ఆ మాట విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు.

మొదటి ఎకరం మార్చినప్పుడు ఆ పది సాళ్లూ అందులోనే కలిసిపోయాయి. ఆ ఎకరం అంతా మేము తినేదే, అమ్మేదీ అదే. మిగతా ఐదెకరాలు మాత్రం పాత పద్ధతే. నాలుగేళ్లపాటు ఒకే కల్లంలో, రెండు టార్పాలిన్ పట్టాలమీద, రెండు రకాల కాయ ఎండబెట్టాం. ఈ పట్టా మీదది మేము తింటాం, ఆ పట్టా మీదది తినం. కోతకు వచ్చిన కూలీలు కూడా పొట్లం కట్టుకోవడానికి ఈ పట్టా దగ్గరికే వచ్చేవారు. 2016లో మిగతా చేను కూడా మార్చడానికి లాభనష్టాల లెక్క కారణం కాదు. లెక్క చూస్తే అప్పటికి నష్టమే. ఆ రెండో పట్టా మీది కాయను చేత్తో తిరగేస్తూ ఇంక ఉండలేకపోయాం. బయోడైనమిక్ వల్ల విలువలు మారతాయా అని అడిగితే నేను చూపించేది ఆ రెండు పట్టాలనే.

తినే అలవాట్లు ఆ తర్వాత వాటంతట అవే మారాయి. చేలో ఏది ఉంటే అది కూర. వేసవిలో కాలీఫ్లవర్ తినడం మానేశాం, ఎవరూ వద్దనలేదు, చేలో లేదు అంతే. కందులు మేమే తిరగలిలో విసిరి పప్పు చేసుకుంటాం. గట్టుమీద వేసిన నువ్వులు గానుగకు ఇచ్చి నూనె ఆడించుకుంటాం. బియ్యం కొనేదే, కానీ తక్కువ పాలిష్ పట్టినవి తెచ్చుకుంటాం. అన్నీ మారలేదు. మా అబ్బాయి నూడుల్స్ తింటాడు, బిస్కెట్లు ఇంట్లోకి వస్తూనే ఉంటాయి. వాటి మీద యుద్ధం చేసి రెండేళ్లు ఇంట్లో టెన్షన్ పెట్టి, ఆపేశాను.

తిండికంటే పెద్ద మార్పు కొనడంలో వచ్చింది. దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. రైతుకు కొనే అలవాటు చేలోనే మొదలవుతుంది తమ్ముడూ. ఆకు ముడిచిందా, ఒక కొమ్మ తెంపుకుని మందుల షాపుకు పరుగు. షాపాయన ఇచ్చిన రెండు డబ్బాలు, అరువు ఖాతాలో రాత. పూత రాలిందా, మళ్లీ పరుగు. పదిహేనేళ్లు అలా పరుగెత్తాక ఏ ఇబ్బంది వచ్చినా దానికొక డబ్బా ఉంటుంది, అరువు మీద దొరుకుతుంది అనే ఆలోచన ఒంట్లోకి ఇంకిపోతుంది. ఇంట్లోకీ అదే వస్తుంది. ఫ్రిజ్జు వాయిదాల్లో, బండి వాయిదాల్లో, పంట రాగానే ఇచ్చేద్దాం అని. మా ఖాతా 2017లో తీరింది. ఆ తర్వాత నాలో వచ్చిన తేడా నాకే ఆశ్చర్యం. ఏదైనా చెడిపోతే ముందు ఇంట్లో ఏముందా అని వెతకడం మొదలుపెట్టాను. చేలో వేపగింజలు, పేడ, మజ్జిగ వెతుక్కునే అలవాటు ఇంట్లోకి వచ్చింది. కొన్న వస్తువు తక్కువైంది, కొన్నది ఎక్కువకాలం ఉంటోంది.

డబ్బు సంగతి దాచను. నీళ్లున్న ఎకరానికి మేము 20 క్వింటాళ్ల ఎండుమిర్చి తీసేవాళ్లం. మార్చిన ఎకరంలో మొదటి ఏడాది 9 వచ్చింది. ఇప్పుడు మంచి ఏడాదైతే 13, 14. మందులకే ఎకరాకు 50 వేలు పైన పోయేది, అది పోవడం లేదు. కానీ కలుపుకు, ఎరువు తోలడానికి కూలి ఎక్కువ. యార్డులో మా కాయకు ప్రత్యేకమైన ధర ఏమీ రాదు. అక్కడ రంగు, తేమ, తాలు చూస్తారు, ఎలా పండించావని అడగరు. మా సరుకులో సగం కారంగా పట్టించి గుంటూరు, విజయవాడల్లో తెలిసినవాళ్లకు అమ్ముకోబట్టి గట్టెక్కాం. నాన్నగారి కూరగాయలకు విజయవాడ పక్కనే ఉండటం పెద్ద వరం. ఆ అమ్మకం పని మీరు నెత్తిన వేసుకోగలిగితే ఆయనకు సగం బరువు తగ్గుతుంది.

2021-22 సీజన్లో నల్ల తామర పురుగు వచ్చి గుంటూరు జిల్లా మిర్చిని ఊడ్చిపెట్టింది. పూత నిండా పురుగులే. మా చేనూ పోయింది. ఎకరాకు 3 క్వింటాళ్లు. ఏ కొమ్ము ఎరువూ దాన్ని ఆపలేదు, ఆపుతుందని ఎవరు చెప్పినా నమ్మొద్దు. తేడా ఎక్కడంటే, మా చుట్టుపక్కల వాళ్లు లక్షన్నర, రెండు లక్షలు పెట్టుబడి పోగొట్టుకున్నారు. మేము కూలి డబ్బులు, మా కష్టం పోగొట్టుకున్నాం. గట్టు కంది చేతికొచ్చింది. ఆ ఏడాది నేను బంగారం తాకట్టు పెట్టలేదు. అంతకుముందు పంట పోయిన ప్రతి ఏడాదీ పెట్టాను.

ఈ సేద్యం వల్ల నా మనసులో కదిలిన ఇంకో విషయం ఉంది. కొమ్ములు ఎక్కడినుంచి వస్తాయి? ఈనిన ఆవు కొమ్ములే కావాలి, మొదట్లో ఉన్న వలయాలు చూసి గుర్తుపడతారు. చచ్చిన ఆవును ఊరు దాటించే పనిని మన ఊళ్లు ఎవరిమీద వేశాయో మీకు తెలుసు. తరతరాలుగా ఆ పని చేసినందుకే వాళ్లను దూరం పెట్టాం. మా మొదటి కొమ్ములు తెచ్చిచ్చిన పెద్దాయన ఏ కొమ్ము పనికొస్తుందో, ఏది రాదో మా శిక్షణలో చెప్పినవాళ్లకంటే బాగా చెప్పాడు. ఆయన్ని వాకిట్లో నిలబెట్టి మాట్లాడటం నాకు ఆ రోజు ముళ్లమీద నిలబడ్డట్టు అనిపించింది. లోపలికి పిలిచి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ఆయనే మా కొమ్ములు పాతే రోజు వచ్చి దగ్గరుండి చేయిస్తాడు, మాతోపాటే కూర్చుని తింటాడు. పొలమంతా ఒక ప్రాణి అని చెప్పుకుంటూ మనిషిని వాకిట్లో నిలబెట్టడం కుదరదు.

కౌలుకు చేసేవాళ్ల సంగతి కూడా చెప్పాలి. మన జిల్లాలో మట్టిని దున్నేవాళ్లలో ఎందరో కౌలు రైతులు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఒప్పందం 11 నెలలకే. వచ్చే ఏడాది ఆ చేను తనదవుతుందో లేదో తెలియని మనిషి మూడేళ్లకు బాగుపడే మట్టి మీద ఎలా పెట్టుబడి పెడతాడు? వాళ్లను చూసి "మందులు కొట్టి విషం పండిస్తున్నారు" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. సొంత భూమి ఉండబట్టే మేము ఈ దారి పట్టగలిగాం, మీ నాన్నగారూ అంతే.

నాన్నగారికి దగ్గర్లో ఇంకో దారి కూడా ఉంది. గుంటూరులోనే రైతు సాధికార సంస్థ ఉంది, రాష్ట్రమంతా ప్రకృతి వ్యవసాయం కార్యక్రమాన్ని నడిపేది వాళ్లే. ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతం, ఘన జీవామృతం, రకరకాల విత్తనాలు కలిపి చల్లడం, అన్నీ ఇక్కడ దొరికేవాటితోనే. 2024లో ఆ కార్యక్రమానికి గుల్బెంకియన్ బహుమతి అనే అంతర్జాతీయ పురస్కారం వచ్చింది. దాన్ని పంచుకున్నవాళ్లలో మట్టి శాస్త్రవేత్త రతన్ లాల్‌తో పాటు ఈజిప్టుకు చెందిన సెకెమ్ కూడా ఉంది. 1977లో ఇబ్రహీం అబూలేష్ ఎడారిలో మొదలుపెట్టిన బయోడైనమిక్ పొలం అది. అంటే ఇవి కొట్టుకునే పద్ధతులు కావు. నేను కూడా 500తో పాటు జీవామృతం వాడతాను. మనవైపే కావాలంటే అరకు కాఫీ తోటల్లో గిరిజన రైతులు నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి బయోడైనమిక్ పద్ధతులు పాటిస్తున్నారు, ఆ కాఫీ పారిస్ దాకా వెళ్లింది. వీలైతే నాన్నగారిని ఒకసారి అటు తీసుకెళ్లండి, ఒంటరిగా చేసేవాడికి తోటివాళ్లను చూడటం చాలా అవసరం.

ఇక అమ్మగారు. మీ ప్రశ్నలో నన్ను అన్నిటికంటే ఎక్కువ తాకింది ఆ ఒక్క ముక్కే. రెండు ఆవులంటే రోజూ పేడ ఎత్తడం, కుడితి, గడ్డి, పాలు, పాక కడగడం. పండక్కి పుట్టింటికి పోవడానికి ఉండదు, జ్వరమొచ్చి పడుకోవడానికి ఉండదు. ఈ సేద్యం గురించి మాట్లాడేవాళ్లు ఆవును పొగుడుతారు, ఆవు వెనక ఉన్న ఆడమనిషి గురించి మాట్లాడరు. నేను నాలుగో ఏడాది నడుంనొప్పితో మంచం పట్టాక గానీ మా ఇంట్లో తెలియలేదు. అప్పుడు పాకకు ఏటవాలుగా గచ్చు చేయించాం, మూత్రం దానంతటదే కుండీలోకి పోతుంది. గడ్డి కోసే చిన్న మిషను కొన్నాం. పొద్దుటి పేడ పని మా ఆయనది, సాయంత్రానిది నాది. మీరు ఇంటికి డబ్బు పంపేవాళ్లయితే ముందు ఈ గచ్చుకు, నీళ్ల పంపుకు పంపండి. మూడెకరాలకు ఒక్క ఆవు చాలనుకుంటే రెండోదాన్ని ఇవ్వమని చెప్పండి.

మిగిలింది మీ ఇంట్లో కూర తినకపోవడం. నేనూ అదే చేశాను. విజయవాడ పటమటలో ఉండే మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు మా బెండకాయలు, మా కారం పట్టుకెళ్లి, "నాకు వేరే వండుతాను" అన్నాను. నేను వస్తున్నానని అది పొద్దున్నే లేచి గుత్తొంకాయ చేసింది. గిన్నె మీద మూత కూడా తియ్యలేదు నేను. సాయంత్రం బస్సెక్కేటప్పుడు అది గుమ్మం దాకా రాలేదు. ఏడాదిన్నర మా ఇద్దరి మధ్య సరిగ్గా మాటల్లేవు. ఆ బజారు వంకాయ పండించింది కూడా నాలాంటి రైతే, బహుశా ఏ తాడేపల్లి వైపో కౌలుకు చేసేవాడే. దాన్ని వండింది నా తోడబుట్టింది. ఇద్దరినీ ఒక్క దెబ్బతో కాదన్నాను. ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా పెట్టింది తింటాను, అడిగి రెండోసారి వేయించుకుంటాను.

నాన్నగారితో మీరు వాదించొద్దు, మీ ఆవిడ చేత మాత్రం ఒక మాట అడిగించండి. "మామయ్యగారూ, వారానికి మాకెన్ని కూరగాయలు పంపగలరు?" అని. తెనాలి నుంచి విజయవాడకు రోజూ వచ్చిపోయే వాళ్లు మీ ఊళ్లో పదిమంది ఉంటారు. శనివారం ఒక సంచి వస్తే మీ ఇంటి వంటా ఆయన పొలం వంటే అవుతుంది. మా చెల్లెలికి నేను చేస్తున్నది అదే, దానితోపాటు వాళ్ల అపార్ట్‌మెంట్‌లో ఇంకో పన్నెండు ఇళ్లకు కూడా. వచ్చే ఫాల్గుణంలో మా కొమ్ములు తవ్వుతాం, ముందురోజు ఇక్కడే రాస్తాను. నాన్నగారిని, అమ్మగారిని తీసుకుని రండి. భోజనం మా ఇంట్లోనే.